నీలం ఉండాల్సిన చోట ఎరుపు: కోడి పేగుల్లో బాక్టీరియా జన్యువులు చదివిన నా అనుభవం

కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా ఒకటుందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మోషన్స్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ రిపోర్టుల్లో కూడా ఆ పేరు కనిపించడం అరుదు, ఎందుకంటే ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షలో అది పెరగదు, పెరగనిదాని పేరు ఎవరూ రాయరు. కానీ ప్రపంచం మొత్తం మీద విరేచనాల జబ్బులకు ముఖ్య కారణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నాలుగింటిలో ఇదొకటి. వెటర్నరీ డిగ్రీ అయ్యాక పబ్లిక్ హెల్త్‌లో పీజీకి చేరినప్పుడు మా గైడ్ మేడం నాకిచ్చిన పని దీని మీదే. హైదరాబాద్ చికెన్ కొట్ల నుంచి శాంపిళ్ళు తేవాలి, అందులోంచి ఈ బాక్టీరియాను విడిగా తీయాలి, దాని జన్యువులు చదవాలి, ఒక ఆసుపత్రి నుంచి అనుమతులతో, రోగుల పేర్లు లేకుండా వచ్చే బాక్టీరియాతో పోల్చి చూడాలి. వినడానికి నాలుగు ముక్కలే. నాకు రెండేళ్ళు పట్టింది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మాది సిద్దిపేట దగ్గర ఒక పల్లె, మా నాయినకు రెండు బ్రాయిలర్ షెడ్లున్నాయి. కంపెనీవాళ్ళు పిల్లల్ని దించుతారు, దాణా వాళ్ళదే, మందులు వాళ్ళవే, నలభై రోజులు పెంచి ఇస్తే కిలోకి ఇంతని గ్రోయింగ్ ఛార్జీ మాకు. నా ఫీజులు ఆ డబ్బుతోనే కట్టారు. అందుకే ఈ పనిలో ఏది బయటపడినా అది చివరికి మా ఇంటి తలుపు కూడా తడుతుందని నాకు లోపల తెలుసు, మొదట్లో పైకి అనలేదంతే.

శాంపిళ్ళ కోసం పొద్దున ఐదున్నరకే బయల్దేరేదాన్ని. కొట్టు తెరిచి మొదటి కోళ్ళు కోసే వేళకు అక్కడ ఉంటే పేగులు తాజాగా దొరుకుతాయి. నాకు కావాల్సింది కోడి పేగు చివర రెండు కొమ్ముల్లా ఉండే సీకం, దానిలోనే ఈ బాక్టీరియా కాపురం. దాన్ని దారంతో కట్టి కోసి, కవర్లో పెట్టి, ఐస్ బాక్స్‌లో వేసుకోవాలి. మెడ దగ్గరి చర్మం కూడా ఒక ముక్క. మొదట్లో కొట్టువాళ్ళు అనుమానంగా చూశారు, నేను తనిఖీకి వచ్చానేమో అనుకున్నారు. అత్తాపూర్ వైపు ఒకాయన మాత్రం రెండోసారి వెళ్ళినప్పటికే నా కోసం సీకాలు పక్కన పెట్టి ఉంచాడు, "చదువుకునే పిల్లవి కదమ్మా" అంటూ. ఆయన కొట్టులో నిలబడి చూస్తే నాకు పుస్తకంలో లేనిది చాలా తెలిసింది. ఒకే మొద్దు, ఒకే కత్తి, ఒకే బకెట్ నీళ్ళు. పొద్దున మొదటి కోడి పేగు ఎక్కడైనా తెగిందంటే అందులో ఉన్నది ఆ మొద్దు మీదుగా తర్వాత వచ్చే ప్రతి కోడికీ అంటుకుంటుంది. మన కూర ఉడికే వేడికి ఈ బాక్టీరియా నిలవదు, 70 డిగ్రీలు దాటితే చస్తుంది, కాబట్టి ఉడికిన చికెన్ భయం లేదు. ఇబ్బందంతా ఉడకకముందే. సింకులో కుళాయి కింద చికెన్ కడిగినప్పుడు చింది పక్కనున్న కొత్తిమీర మీద పడేది, చికెన్ కోసిన పీట మీదే తర్వాత తరిగే ఉల్లిపాయ, ఇవే దారులు. మన ఇళ్ళల్లో చికెన్ ఎంత కడిగితే అంత మంచిదని నమ్మకం, నేనూ అలాగే పెరిగాను. అసలు ఇది మనిషికి జబ్బు చేయడానికి ఐదారు వందల కణాలు చాలంటారు, అంటే చిన్న నీటి చుక్కలో పట్టేంత.

తేవడం తేలికే, పెంచడమే నరకం అయింది నాకు. ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి కానీ మనం పీల్చే గాలిలో ఉన్నంత ఉంటే పెరగదు, మెల్లగా చస్తుంది. 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్ ఉండాలి. వేడి 42 డిగ్రీలు, అంటే కోడి ఒంట్లో ఎంత ఉంటుందో అంత. దానికోసం ప్లేట్లను ఒక మూతబిగించిన జార్‌లో పెట్టి, గ్యాస్ తయారుచేసే పొట్లం ఒకటి వేసి మూసేస్తాం. నల్లటి బొగ్గు పొడి కలిసిన మీడియం, అంటే బాక్టీరియా పెరగడానికి ప్లేటులో పోసే ఆహారం మీద బూడిదరంగు తడి పూతలా పెరగాలి. మొదటి పన్నెండు శాంపిళ్ళలో ఒక్క దాంట్లోనూ రాలేదు. రెండు రోజులు ఆగడం, జార్ తెరవడం, కావాల్సింది లేకపోవడం. మళ్ళీ కొట్టుకి వెళ్ళడం. నెలన్నర ఇలాగే గడిచింది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, టెన్షన్‌తో కడుపులో మంట. నా శాంపిళ్ళలో నిజంగా ఆ బాక్టీరియా లేదా, లేక నేనే చంపేస్తున్నానా అనేది తేల్చుకోవడానికి నా దగ్గర దారి లేదు.

ఆ జార్ సంగతి కనిపెట్టింది మా ల్యాబ్ అటెండర్. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆయనది. ఒకరోజు నేను జార్ మూస్తుంటే పక్కకొచ్చి, "మేడం, గీ రబ్బరు జర సూడుండ్రి, పగిలింది" అన్నాడు. మూత కింద ఉండే రింగు. వెలుతురుకి పట్టుకుని సాగదీస్తే తప్ప కనిపించనంత సన్నటి చీలిక, దాంట్లోంచి బయటి గాలి లోపలికి పోతూ ఉంది. నెలన్నర నేను పుస్తకాలు తిరగేసి మీడియం మార్చాను, యాంటిబయాటిక్ మోతాదులు మార్చాను, రింగు వైపు చూడలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఆ జార్లను కడుగుతున్నాడు కాబట్టి చూశాడు. నా థీసిస్‌లో ధన్యవాదాల పేజీలో ఆయన పేరు గైడ్ పేరు పక్కనే రాస్తానని ఆరోజే అనుకున్నాను.

రింగు మార్చాక కూడా కాంపైలోబాక్టర్ కనిపించలేదు. ప్లేటు నిండా ఇ.కోలై, పేగుల్లో మామూలుగా ఉండే ఇంకో బాక్టీరియా. ఈ మీడియంలో సెఫోపెరజోన్ అనే యాంటిబయాటిక్ వేసేదే ఇ.కోలై లాంటివి పెరగకుండా ఆపడానికి. కానీ ఇప్పుడు కోళ్ళలో ఉన్న ఇ.కోలైలో చాలావాటికి ఆ మందు పని చేయదు, వాటికి అడ్డే లేదు. ఎన్నో ఏళ్ళ కిందట తయారుచేసిన మీడియం ఇప్పటి బాక్టీరియా ముందు నిలవడం లేదన్న మాట. అది చూసినప్పుడే నాకు ఈ మందుల సంగతి పుస్తకంలో పాఠంలా కాకుండా నిజంగా కంటికి కనపడింది.

అప్పుడు మా మేడం పాత పద్ధతి ఒకటి చెప్పారు. రక్తం కలిపిన ప్లేటు మీద 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పలచటి ఫిల్టర్ కాగితం పరచాలి, దాని మీద శాంపిల్ కలిపిన నీటి చుక్కలు వేయాలి, గంటసేపు వదిలేయాలి, తర్వాత ఫిల్టర్ తీసేయాలి. కాంపైలోబాక్టర్ సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది, పైగా స్క్రూ తిప్పినట్టు తిరుగుతూ ఈదుతుంది, కాబట్టి ఆ రంధ్రాల్లోంచి దూరి కిందికి దిగిపోతుంది. లావుగా ఉండే ఇ.కోలై పైనే ఉండిపోతుంది. ఏ మందూ అక్కర్లేదు. దాని ఈతే దాన్ని పట్టిస్తుంది. 1972లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బుట్జ్లర్, ఆయన సహచరులు విరేచనాల రోగుల మలం నుంచి దీన్ని మొదటిసారి పెంచింది కూడా ఇలా ఫిల్టర్‌లోంచి వడకట్టే. అంతకుముందు 1886లోనే ఎషెరిక్, అంటే ఇ.కోలైకి ఎవరి పేరు పెట్టారో ఆయనే, విరేచనాలతో చనిపోయిన పసిపిల్లల పేగుల్లో మెలికల బాక్టీరియాను మైక్రోస్కోప్‌లో చూసి రాశాడు, కానీ పెంచలేకపోయాడు. కంటికి కనిపించిన దాన్ని చేతిలోకి తెచ్చుకోవడానికి ఎనభై ఆరేళ్ళు పట్టిందంటే నా నెలన్నర ఏపాటి అనిపించింది, కొంచెం ధైర్యం వచ్చింది.

ఫిల్టర్ పెట్టిన మూడో ప్లేటు మీద వచ్చింది. నీటి చుక్క ఎండి మెరుస్తున్నట్టు చిన్న మచ్చలు. గ్లాసు స్లైడ్ మీద తడిగా పెట్టి చూస్తే, ఎగిరే పక్షి రెక్కల ఆకారంలో సన్నటి గీతలు, ఒక్కచోట నిలవకుండా బాణాల్లా దూసుకుపోతున్నాయి. నేను గట్టిగా అరిచాను, పక్క ల్యాబ్ నుంచి జూనియర్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళందరికీ చూపించాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ చూస్తే కదలిక తగ్గింది, గాలి తగిలి నీరసపడుతున్నాయి. అప్పటినుంచి ప్లేట్లు బయటపెట్టి ఫోన్ మాట్లాడటం మానేశాను.

పేరు ఖాయం చేసుకోవడానికి పీసీఆర్, అంటే కావాల్సిన డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష. హిప్-ఓ అనే జన్యువు కాంపైలోబాక్టర్‌లో జెజునై అనే జాతికే ఉంటుంది, 323 అక్షరాల (డీఎన్ఏను ఏ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలతో రాస్తారు) పొడవున్న ముక్క జెల్ మీద గీతలా కనిపిస్తే అది జెజునై. నాకు కనిపించింది. సంతోషంగా డీఎన్ఏ తీసి, ఏడు జన్యువుల ముక్కలు పెంచి, సీక్వెన్సింగ్‌కి, అంటే అక్షరాలు చదివించడానికి పంపాను.

ఈ ఏడు జన్యువుల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు బాగా నచ్చింది ఇదే. బాక్టీరియా బతకడానికి రోజూ వాడుకునే మామూలు జన్యువులు ఏడు తీసుకుంటారు, ఒక్కోదాంట్లో నాలుగైదు వందల అక్షరాలు, మొత్తం కలిపి 3309. ఒక్కో జన్యువులో ఒక్క అక్షరం తేడా వచ్చినా దానికి వేరే నంబరు. ఏడు జన్యువులకు ఏడు నంబర్లు, ఆ ఏడింటి వరసకు కలిపి ఒక టైపు నంబరు. 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని కాంపైలోబాక్టర్‌కి తయారుచేశారు, ఇప్పుడు ప్రపంచంలో ఎవరు ఎక్కడ చదివినా ఒకే డేటాబేసులో పెడతారు. అంటే అత్తాపూర్ కొట్టులో కోడి పేగులోంచి నేను తీసిన దాని వరస, న్యూజిలాండ్‌లో ఒక రోగి మలంలోంచి తీసిన దానితో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. న్యూజిలాండ్ అని ఊరికే అనలేదు. అక్కడ ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఎక్కువ, రోగుల్లో వచ్చే టైపుల్లో ఎక్కువ భాగం కోళ్ళలో ఉన్నవేనని ఈ పద్ధతితోనే తేల్చారు, 2006 తర్వాత కోళ్ళ పరిశ్రమలో శుభ్రత నియమాలు బిగించారు, కేసులు సగానికి పైగా తగ్గాయి. అక్షరాలు చదవడం వల్ల జనం కడుపునొప్పి తగ్గిందన్న మాట. నేను ఈ పనిని నమ్మడానికి అదే కారణం.

వారం తర్వాత ఫైళ్ళు వచ్చాయి. తెరిచి చూస్తే రంగురంగుల అలలు, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు, ఏ ఆకుపచ్చ, సి నీలం, జి నలుపు, టి ఎరుపు. నా మూడో శాంపిల్‌లో ఒక జన్యువు దగ్గర ఒకే చోట రెండు రంగులు ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి, అదీ ఒకటి కాదు, చాలా చోట్ల. సాఫ్ట్‌వేర్ దాన్ని ఏదో ఒక అక్షరంగా రాసేసి కొత్త రకమని చూపించింది. నేను కొత్త రకం దొరికిందని మేడం దగ్గరికి పరిగెత్తాను. మేడం అలలు పెద్దవి చేసి చూసి, "ఇందులో ఇద్దరున్నారమ్మా" అన్నారు. ఒకే కోడి సీకంలో జెజునై, దాని దాయాది కాంపైలోబాక్టర్ కోలై (ఇ.కోలై కాదు), రెండూ కలిసి ఉన్నాయి. నేను 323 చూసి ఆగిపోయాను, కోలైకి 126 దగ్గర వచ్చే గీతను చూపించే ప్రైమర్లు, అంటే ఆ ముక్కను వెతికి పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు, కలపలేదు. మళ్ళీ మొదటికి వచ్చి, ఒక్కో మచ్చను విడిగా తీసి మూడుసార్లు పెంచి, శుద్ధంగా ఒకటే ఉందని ఖాయం చేసుకుని, అప్పుడు పంపాను. ఆ కొత్త రకం మాయమైంది. బాధ అనిపించింది కానీ, ఆ అబద్ధపు వరసను డేటాబేసుకు పంపి ఉంటే ఎక్కడో ఎవరో దాన్ని నమ్మి లెక్కలు వేసేవాళ్ళు, అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈ పని మొదలుపెట్టే జూనియర్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: సాఫ్ట్‌వేర్ రాసిన అక్షరాలు కాదు, అలలు చూడండి, ప్రతి అల చూడండి.

తర్వాత మందులు. ప్లేటు మీద బాక్టీరియా పరచి, మందు బిళ్ళలు పెట్టి, చుట్టూ పెరగని వలయం ఎంత వస్తుందో కొలుస్తాం. ఎరిత్రోమైసిన్ చుట్టూ చక్కటి వలయాలు వచ్చాయి. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ చుట్టూ అసలు వలయమే లేదు, బిళ్ళ అంచుదాకా పెరిగి ఆనుకుని కూర్చుంది. ఒక ప్లేటు కాదు, వరసగా. మన దగ్గర మోషన్స్ అనగానే మెడికల్ షాపులో ఇచ్చే టాబ్లెట్లలో ఓఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ ఉంటాయి, అన్నీ ఈ కుటుంబమే. చాలామందికి ఈ జబ్బు ఓఆర్ఎస్ తాగుతూ వారంలో దానంతటదే తగ్గుతుంది, మందు అక్కర్లేదు. కానీ పసిపిల్లలకో, ముసలివాళ్ళకో, రక్తం పడుతూ జ్వరం ఎక్కువైన వాళ్ళకో అవసరమైనప్పుడు ఆ టాబ్లెట్ వేస్తే అది పని చేయదు, రోజులు పోతాయి.

ఎందుకు పని చేయదో చూడటానికి జైర్-ఏ అనే జన్యువు చదివాం. డీఎన్ఏ మెలికలను సర్దే ఎంజైమ్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు అది, సిప్రోఫ్లాక్సాసిన్ వెళ్ళి పట్టుకునేది ఆ ఎంజైమ్‌నే. అందులో 257వ అక్షరం సి ఉండాలి. టి ఉంటే ఏసీఏ అనే మూడక్షరాల మాట ఏటీఏ అవుతుంది, ప్రోటీన్‌లో 86వ చోట త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసొల్యూసిన్ వస్తుంది, మందుకి పట్టు దొరకదు. అంతే. ఇ.కోలైలో ఇంత గట్టి నిరోధకత రావాలంటే సాధారణంగా రెండు మూడు మార్పులు కావాలి, ఎందుకంటే దానికి ఇదే మందు పట్టుకునే రెండో ఎంజైమ్ కూడా ఉంది. కాంపైలోబాక్టర్‌కి ఆ రెండోది లేదు, 16 లక్షల 41 వేల అక్షరాల చిన్న జన్యురాశి (మొత్తం డీఎన్ఏ) దానిది, ఇ.కోలైది 46 లక్షలు. ఆ 16 లక్షల్లో ఒక్క అక్షరం మారితే చాలు, మందు వృథా.

ఫైలు తెరిచి 257 దగ్గరికి వెళ్ళాను. నీలం ఉండాల్సిన చోట ఎరుపు. తర్వాతది తెరిచాను, ఎరుపు. ఆ తర్వాతది, ఎరుపు. నేను చదివిన వాటిలో నీలం వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

అప్పుడు నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. కోళ్ళకు గురక వస్తే, ఛాతీలో గరగరమంటే, కంపెనీ సూపర్‌వైజర్ ఒక సీసా ఇచ్చేవాడు, నాయిన దాన్ని ట్యాంకులో కలిపేవాడు, నిపుల్ లైన్ల గుండా అన్ని కోళ్ళూ తాగేవి. జబ్బున్నవి, లేనివి అన్నీ. స్కూల్లో ఉన్నప్పుడు నేనే ఎన్నోసార్లు కొలిచి పోశాను. ఎన్రోఫ్లాక్సాసిన్. పేరు వేరు కానీ కుటుంబం ఒకటే, ఒంట్లోకి వెళ్ళాక దాంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. ఆ మందు కోడి గురక కోసం ఇచ్చినది, కానీ దాని పేగులో ఏ జబ్బూ చేయకుండా కోట్లలో కూర్చున్న కాంపైలోబాక్టర్‌కి కూడా తగులుతుంది. ఆ కోట్లలో ఎక్కడో ఒకదానికి ముందే 257 దగ్గర టి ఉంటుంది. మిగతావన్నీ చచ్చి అదొక్కటే మిగిలి పెరుగుతుంది, ఒకటి రెండు రోజులు చాలు. ఇందుకే అమెరికాలో 2005లో కోళ్ళకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపేశారు. ఆరోజు ల్యాబ్‌లోంచి బయటికొచ్చి చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. నాయినకు ఫోన్ చేయలేకపోయాను.

ఇదంతా జరుగుతున్నప్పుడే 2025 జనవరిలో పుణేలో గియాన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వార్తలు మొదలయ్యాయి. కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోవడం, కొందరిని వెంటిలేటర్ మీద పెట్టడం. కొందరు రోగుల మలంలో కాంపైలోబాక్టర్ జెజునై దొరికిందన్నారు, నోరోవైరస్ కూడా దొరికింది, అనుమానం ముఖ్యంగా సింహగడ్ రోడ్డు వైపు తాగునీటి మీదికి వెళ్ళింది. నేను రోజూ చేతులతో పట్టుకునే బాక్టీరియా పేరు టీవీలో వినపడటం అదే మొదటిసారి. దీనికీ నరాలకూ సంబంధం ఏమిటంటే, కొన్ని రకాల జెజునై ఒంటి మీద ఉండే చక్కెర పూత మన నరాల మీద ఉండే పూతలాగే ఉంటుంది. మన శరీరం బాక్టీరియా మీదికి తయారుచేసిన యాంటీబాడీలు పొరపాటున నరాల మీద పడతాయి. ఆ పూత తయారీకి కావాల్సిన జన్యువులు, ముఖ్యంగా సీఎస్‌టీ-2 లాంటివి, అన్ని జెజునైలలో ఉండవు, అవి ఉన్న రకం సోకినవాళ్ళలో కూడా చాలా అరుదుగానే ఈ జబ్బు వస్తుంది. రోగి రిపోర్టులో జాతి పేరు ఒక్కటి రాసి ఊరుకుంటే సరిపోదని, జన్యువుల దాకా వెళ్ళాలని నేను అనేది ఇందుకే. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, చికెన్ అమ్మకాలు పడిపోయాయి, మా లిఫ్టింగ్, అంటే కంపెనీ కోళ్ళను ఎత్తుకెళ్ళడం, వాయిదా పడింది. అమ్మ ఫోన్ చేసి చికెన్ తింటే పక్షవాతం వస్తుందట కదా అని అడిగింది. వెనక నుంచి నాయిన గొంతు, "బిడ్డా, నువ్వు సదివేది కోళ్ళ తరఫునా, కోళ్ళ మీదనా?" కోపం కాదు అది. రెండు షెడ్ల నిండా కోళ్ళుండి కొనేవాడు లేనప్పటి భయం.

ఆ మాట నా మనసులో ఉండబట్టే తర్వాత వచ్చిన పరీక్షలో తప్పు చేయకుండా ఆగాననుకుంటాను. ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ఐసొలేట్ (విడిగా తీసి పెంచిన బాక్టీరియా), కొట్టు నుంచి తెచ్చిన ఒక ఐసొలేట్, రెండింటికీ ఏడు జన్యువులూ ఒకటే, టైపు నంబరు ఒకటే. చూడగానే దొరికిపోయింది అనిపిస్తుంది. చాప్టర్‌లో ఒక వాక్యం కూడా రాశాను, ఈ కొట్టు నుంచే ఈ రోగికి వచ్చిందనిపించేలా. మేడం దాని కింద గీత గీసి, "3309 చదివావు, మిగతా 16 లక్షల సంగతేంటి?" అని అడిగారు. ఉన్న డబ్బులో నాలుగింటికి మొత్తం జన్యురాశి చదివించాం. ఏడు జన్యువులు కాకుండా 1343 జన్యువులను పోల్చే పద్ధతి ఉంది, అలా చూస్తే ఆ రెండూ వందల జన్యువుల్లో తేడాగా ఉన్నాయి. ఇంటిపేరు ఒకటే, ఇళ్ళు వేరు. ఈ బాక్టీరియాకు ఇంకో అలవాటుంది, చుట్టుపక్కల చచ్చినవాటి డీఎన్ఏ ముక్కల్ని తీసుకుని తనలో అతికించుకుంటుంది, కాబట్టి దాని వంశవృక్షం కొమ్మలు ఎక్కడికక్కడ కలిసిపోతూ ఉంటాయి. ఆ వాక్యం కొట్టేశాను. తెల్లవారుజామున నాకోసం సీకాలు పక్కన పెట్టిన ఆయన కొట్టు మీద అబద్ధం రాసేదాన్ని.

తర్వాత ఒక శనివారం ఇంటికెళ్ళాను, ఐస్ బాక్స్‌తో. కాళ్ళకు గుడ్డ తొడుగులు వేసుకుని రెండు షెడ్లలో ఊక మీద అటూ ఇటూ నడిచాను, ఆ తొడుగులే శాంపిళ్ళు. నాయిన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు, ఏమీ అడగలేదు. మూడు వారాల తర్వాత ప్రింట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి అలలు చూపించాను, ఇది నీలం ఉండాలి నాయినా, మన షెడ్డులో ఎరుపొచ్చింది అని. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ మందు మనుషులకు గూడ ఇస్తరా?"

"దాని తమ్ముడిని ఇస్తరు."

"మందు ఆపితె ఇది మళ్ల నీలం అయితదా?"

ఈ ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు, నేను చదివిన వాటిలో నాకు అన్నిటికంటే కష్టమనిపించినదీ ఇదే. ఎందుకంటే జవాబు మంచిది కాదు. చాలా బాక్టీరియాలో మందు ఆపితే నిరోధకత ఉన్నవి బలహీనపడి వెనకబడతాయి. దీంట్లో మాత్రం ఈ 257 మార్పు ఉన్నవి మందు లేకపోయినా కోడి పేగులో మామూలువాటిని తోసేసి నిలబడగలవని ప్రయోగాలు చూపించాయి. అమెరికాలో నిషేధం తర్వాత కూడా ఈ ఎరుపు మాయం కాలేదు. అదే చెప్పాను, దాచలేదు. వెంటనే కాదు నాయినా, అసలు అవుతుందో లేదో కూడా చెప్పలేను, కానీ పోస్తూ ఉంటే మాత్రం మిగిలిన నీలం కూడా పోతుంది అన్నాను. ఆయన ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పోయిన బ్యాచ్‌లో పద్దెనిమిదో రోజు గురక వచ్చింది. సూపర్‌వైజర్ సీసా తెచ్చాడు. నాయిన ముందు మండల పశువుల డాక్టర్ని పిలిపించాడు, ఆయన చూసి షెడ్డులో అమ్మోనియా ఘాటు ఎక్కువుందని, తడి ఊక తీసేయమని, సైడు పరదాలు పగలు ఎత్తి పెట్టమని చెప్పాడు. నాలుగు రోజుల్లో సర్దుకుంది. అన్నిసార్లూ అలా సర్దుకోదని నాకూ తెలుసు, నాయినకూ తెలుసు, నిజంగా మందు కావాల్సిన జబ్బు వస్తే డాక్టర్ చెప్పిన మందు పోయాల్సిందే. సీసా మాత్రం మూత తీయకుండా ఇంకా అటక మీదే ఉంది.

ఇప్పుడున్న బ్యాచ్‌కి ఈ ఆదివారం ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. రెండు మూడు వారాలు దాటితే తప్ప పిల్లల్లో ఈ బాక్టీరియా మామూలుగా కనపడదు, కనపడ్డాక నాలుగైదు రోజుల్లో షెడ్డంతా పాకుతుంది, అందుకే ఈ రోజుదాకా ఆగాను. ఈసారి గుడ్డ తొడుగులు వేసుకుని నడిచింది నాయినే. బస్సులో ఐస్ బాక్స్ ఒళ్ళో పెట్టుకుని వచ్చి ఫిల్టర్లు పరిచి, కొత్త రింగు వేసిన జార్‌లో ప్లేట్లు పెట్టాను. 42 డిగ్రీల్లో ఉన్నాయి. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి తెరుస్తాను, నాయిన ఎనిమిదిన్నరకే ఫోన్ చేస్తానన్నాడు.